సంతకానికి ముందు

(ద్వారకలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లల పాటలకీ భోజనాలకీ మధ్య నన్ను నిలబెట్టారు. ఈ సమయంలో మాట్లాడేవాడి పరిస్థితి నెలాఖరు రోజు కౌంటర్లో కూర్చున్నవాడిలా ఉంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళందరి కళ్ళూ గడియారం మీదే. కాబట్టి సాగదీయను.

నాకిచ్చిన విషయం "పెద్ద నిర్ణయాలు తీసుకునే ముందు పర్యవసానాలు ఆలోచించడం". నిన్న రాత్రి ఇంట్లో ఈ మాట చెబితే మా ఆవిడ నవ్వింది. ఎందుకు నవ్విందో మధ్యలో చెబుతాను. నిజానికి ఈ విషయంలో మన సామెతలే ఒక మాట మీద నిలబడవు. ఒకరు నిదానమే ప్రధానం అంటారు, ఇంకొకరు ఆలస్యం అమృతం విషం అంటారు. రెండూ మా అమ్మమ్మే చెప్పేది, ఏ పూటకి ఏది కావాలంటే అది. ఎంబీఏలో మాకు డెసిషన్ ట్రీలు నేర్పారు. చెట్టు గీసి, కొమ్మలు గీసి, ప్రతి కొమ్మకీ ఒక సంభావ్యత రాసి లెక్క కట్టడం. పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. అయితే నాకు తెలిసిన అసలు పాఠం మా ఇంట్లో, తణుకులో, రెండు విడతలుగా జరిగింది. అదే చెబుతాను. మనవాళ్ళలో చాలా ఇళ్ళలో జరిగిన కథే.

మా నాన్నగారు బ్యాంకులో హెడ్ క్యాషియరు. 1995లో బ్యాంకు ఉద్యోగుల పెన్షన్ రెగ్యులేషన్లు వచ్చాయి. అంతకు రెండేళ్ళ ముందు, 1993 అక్టోబరులో, దానికి ఒప్పందం కుదిరింది. అప్పటిదాకా మనకి ప్రావిడెంట్ ఫండే. జీతంలోంచి మనం కొంత కడితే బ్యాంకు కూడా అంత వేస్తుంది, రిటైరయ్యాక మొత్తం చేతికొస్తుంది. కొత్త పద్ధతిలో బ్యాంకు వాటా వదులుకుంటే నెలనెలా పెన్షన్ వస్తుంది. ఏది కావాలో రాసివ్వమన్నారు. ఒకసారి రాసిస్తే మార్చుకోవడం లేదు.

నాన్నగారు వద్దని రాసిచ్చారు. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. ఆ రోజుల్లో సాయంత్రాలు మా వరండాలో కూర్చుని బ్రాంచివాళ్ళు వాదించుకోవడం గుర్తుంది. వద్దన్నవాళ్ళ కారణాలు తీసిపారేసేవి కావు. సమ్మెలో పాల్గొంటే అంతకు ముందు సర్వీసు పెన్షన్ లెక్కలోంచి పోతుందనే క్లాజు ఒకటి అందులో ఉండేది. యూనియన్లో తిరిగేవాళ్ళకి అది గొంతులో ముల్లు. డిపాజిట్ల మీద అప్పట్లో 12 శాతం దాకా వడ్డీ వచ్చేది. ఐదు లక్షలు చేతిలో ఉంటే నెలకి ఐదు వేలు, అసలు అలాగే ఉంటుంది. ఇంక పెన్షన్ దేనికి? పైగా ఆర్థిక సంస్కరణలు వచ్చిన కొత్త. రేపు బ్యాంకులే ఎవరి చేతుల్లోకి పోతాయో, అప్పుడు పెన్షన్ ఎవరిస్తారు అని ఒకాయన గట్టిగా అనేవారు. ఈ మాటలన్నీ విని నాన్నగారు ఆలోచించే నిర్ణయం తీసుకున్నారు. తొందరపడలేదు. ఇది మీరు గమనించాలి. ఆలోచించకుండా తీసుకున్న నిర్ణయం తప్పవడంలో వింత లేదు. ఆయన ఆలోచించారు, నలుగురినీ అడిగారు, కాగితం మీద లెక్క వేశారు.

లెక్కలో లేనివి రెండు. ఒకటి, 12 శాతం ఎల్లకాలం ఉండదన్నది. 2006లో ఆయన రిటైరయ్యేనాటికి డిపాజిట్ రేట్లు బాగా దిగిపోయాయి. ఇది ఊహించలేకపోయారని ఆయన్ని తప్పుపట్టను. పెద్ద పెద్ద ఆర్థికవేత్తలే ఊహించలేదు. రెండోది మాత్రం ఎవరికైనా తెలియాల్సిందే, ఎవరికీ తట్టలేదు. వరండాలో వాదించుకున్న ఆ ఏడెనిమిది మంది మగవాళ్ళలో, తర్వాత మా ఆవిడ ఎలా బతుకుతుంది అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. మా అమ్మ లోపల టీ పెడుతూ ఉండేది. ఆ కాగితంలో ఫ్యామిలీ పెన్షన్ అని ఒక అంశం ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

రెండో విడత 2010లో వచ్చింది. ఏప్రిల్ 27న కుదిరిన ఒప్పందంతో పెన్షన్‌కి మరో అవకాశం ఇచ్చారు. సెకండ్ ఆప్షన్ అనేవాళ్ళం. సర్వీసులో ఉన్నవాళ్ళు 2007 నవంబరు నాటి వేతనానికి 2.8 రెట్లు కట్టాలి. రిటైరైనవాళ్ళయితే తీసుకున్న బ్యాంకు వాటా వడ్డీతో సహా వెనక్కి కట్టి, దాని మీద మరో 56 శాతం అదనంగా కట్టాలి. నాన్నగారికి వచ్చిన బ్యాంకు వాటా సుమారు 5 లక్షలు. 56 శాతం అంటే 2 లక్షల 80 వేలు. మొత్తం 7 లక్షల 80 వేలు. ఆ డబ్బు ఎక్కడుంది? అక్క పెళ్ళికి కొంత పోయింది, మేడ మీద స్లాబుకి కొంత పోయింది. డిపాజిట్లో మూడు లక్షలు మిగిలాయి. ఆప్షన్ ఇవ్వడానికి అరవై రోజులు గడువు.

అప్పటికి నేను ఆఫీసరుగా చేరి నాలుగేళ్ళయింది. సెలవు పెట్టి తణుకు వెళ్ళాను. నా ఎంబీఏ అంతా బయటికి తీశాను. పెన్షన్ నెలకి సుమారు పది వేలు వస్తుంది. 7 లక్షల 80 వేలని పదివేలతో భాగిస్తే 78 నెలలు, అంటే ఆరున్నరేళ్ళు. వడ్డీ కూడా లెక్కేస్తే ఇంకా ఎక్కువే. నాన్నగారికి 64 నిండాయి, సుగరు, బీపీ రెండూ ఉన్నాయి. తండ్రీకొడుకులం భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఆయన ఆరున్నరేళ్ళు బతుకుతారా లేదా అన్నది మర్యాదగా, డొంకతిరుగుడుగా మాట్లాడుకుంటున్నాం. "బ్రేక్ ఈవెన్" అంటున్నాను నేను. అమ్మ పెరుగు గిన్నె తెచ్చి పెట్టి, నిలబడే అంది: "మీ ఇద్దరూ ఆరున్నరేళ్ళ దగ్గరే ఆగిపోయారేంటి? ఏవండీ, మీ తర్వాత నా సంగతి ఏ కాగితంలో రాశారు?"

ఇద్దరం నోరు మెదపలేదు. అమ్మ నాన్నగారి కన్నా ఆరేళ్ళు చిన్నది. వాళ్ళ అమ్మ 91 ఏళ్ళు బతికింది. లెక్క వేయాల్సింది నాన్నగారి ఆయుష్షు మీద కాదు, అమ్మ ఆయుష్షు మీద. పదిహేనేళ్ళ క్రితం వరండాలో జరిగిన తప్పే నేను ఎంబీఏ చదివి మళ్ళీ చేస్తున్నాను.

కట్టాం. మూడు లక్షల డిపాజిట్ రద్దు చేశాం, నేను రెండు లక్షలు పర్సనల్ లోను తీసుకున్నాను, మిగతాదానికి అమ్మ తన గాజులు, గొలుసు గోల్డ్ లోనులో పెట్టింది. ఆ నగలు విడిపించడానికి మూడేళ్ళు పట్టింది. మధ్యలో నాన్నగారు చాలాసార్లు పశ్చాత్తాపపడ్డారు. అప్పు చేసి పెన్షన్ కొనుక్కున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనేవారు. నిజానికి మన బ్యాంకుల్లో అలా చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. నాన్నగారు 2018లో పోయారు. అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. 2021 దాకా అది చాలా తక్కువగా ఉండేది, పైగా 9,284 రూపాయల పరిమితి ఒకటి. ఆ ఏడాది ఆగస్టులో ఆ పరిమితి తీసేసి, చివరి వేతనంలో 30 శాతంగా అందరికీ ఒకే రేటు చేశారు. ఇలా పెరుగుతుందని 2010లో మాకు తెలియదు. కాబట్టి మేము తెలివిగా నిర్ణయించామని గొప్ప చెప్పుకోను. ఫలితం బాగుంది కాబట్టి నిర్ణయం గొప్పదనుకోవడం, చెడింది కాబట్టి నిర్ణయం తప్పనుకోవడం రెండూ సరికాదు. ఆనాడు చేతిలో ఉన్న సమాచారంతో అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగామా లేదా అన్నది చూడాలి. 1995లో ఒక ప్రశ్న అడగలేదు. 2010లో అమ్మ అడిగింది, అంతే తేడా.

2000లో వచ్చిన వీఆర్‌ఎస్ సంగతి కూడా ఇక్కడున్న పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో సుమారు లక్ష మంది వెళ్ళిపోయారు. సర్వీసు ఏడాదికి 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసుకి వచ్చే జీతం, ఏది తక్కువైతే అది. లాభపడినవాళ్ళున్నారు, నష్టపోయినవాళ్ళున్నారు, దాని జోలికి ఇప్పుడు వెళ్ళను. ఒక్కటే చెబుతాను. మా పక్కింటి మాస్టారు, అంటే బ్యాంకు మనిషే, అందరూ మాస్టారు అనేవాళ్ళు, డబ్బు లెక్కంతా సరిగ్గా వేసుకుని వెళ్ళారు. డబ్బుకి లోటు రాలేదు. ఉదయం పదిగంటలకి ఏం చేయాలో మాత్రం ఆయన లెక్కలో లేదు. రెండేళ్ళు ప్రతిరోజూ తయారై బ్రాంచికి వచ్చి బల్ల మీద కూర్చునేవారు.

ఇక ద్వారకకి వద్దాం.

ఈ ఊరు కూడా ఒక పెద్ద నిర్ణయాల ప్రదర్శనశాలే. పప్పన్‌కలాన్ అని పిలిచే రోజుల్లో, డీడీఏ సెక్టార్లు గీసిన కొత్తలో, ఇక్కడ సొసైటీల్లో చేరినవాళ్ళని బంధువులు పిచ్చివాళ్ళన్నారట. నీళ్ళ ట్యాంకరు కోసం రాత్రి మేలుకుని ఉన్న రోజులు మా పాత సభ్యులు ఇప్పటికీ చెబుతారు. 2005 డిసెంబరు 31న బారాఖంభా నుంచి ద్వారకకి మెట్రో వచ్చింది. ఆ తర్వాత పిచ్చివాళ్ళు కాస్తా దూరదృష్టి గలవాళ్ళయిపోయారు! అలాంటి ఒక పెద్దావిణ్ణి అడిగాను, మెట్రో వస్తుందని ముందే తెలుసా అని. "ఎవరికి తెలుసు బాబూ? పదేళ్ళు రాకపోయినా ఇక్కడే పడి ఉండగలమా అని చూసుకున్నాం. ఉండగలం అనిపించింది" అంది. ఆవిడ బేరం వేసింది లాభం మీద కాదు, తట్టుకోగల కష్టం మీద. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా లేదు.

నేను 2013లో ఢిల్లీ వచ్చాను. సెక్టార్ పన్నెండులో అద్దెకి దిగాం. అప్పుడు నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో "ఇల్లు చేతికొచ్చేదాకా ఈఎంఐ లేదు" అని పేజీల కొద్దీ ప్రకటనలు. సబ్‌వెన్షన్ స్కీము. కొనేవాడి పేరు మీద బ్యాంకు లోను ఇస్తుంది, డబ్బు బిల్డరుకి వెళ్తుంది, ఇల్లు పూర్తయ్యేదాకా వడ్డీ బిల్డరు కడతాడు. మన స్టాఫ్ హౌసింగ్ లోను పరిమితి ఆ ఫ్లాటుకి చాలదు. ఈ స్కీము చూడగానే నా కళ్ళు మెరిశాయి. ఒక ఆదివారం సైటుకి వెళ్ళి, మాదిరి ఫ్లాట్లో ఏసీలో కూర్చుని, లక్ష రూపాయల బుకింగ్ చెక్కు ఇచ్చి వచ్చాను. ఇంటికొచ్చి కాగితాలు గర్వంగా చూపిస్తే మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. "ఆ బిల్డరు వడ్డీ కట్టడం మానేస్తే ఎవరు కట్టాలి?"

నేను లోన్స్ విభాగంలో ఆఫీసర్ని. రోజూ ఇతరులకి ట్రైపార్టైట్ అగ్రిమెంట్ వివరించేవాణ్ణి. రుణగ్రహీత నేను, కట్టాల్సింది నేనే. కస్టమరు దగ్గర అడిగే ప్రశ్న నన్ను నేను అడగలేదు. నిన్న రాత్రి ఆవిడ నవ్వింది ఇందుకు.

ఇంకో తప్పు దాని వెనకాలే చేయబోయాను. ఇది ఎక్కువమంది చేస్తారు కాబట్టి దాచకుండా చెబుతున్నాను. వెనక్కి వెళ్దామంటే లక్ష తిరిగి ఇవ్వమన్నారు. ఆ లక్ష పోతుందన్న బాధతో, సరేలే ముందుకే పోదాం అనిపించింది. లక్ష కాపాడుకోవడానికి నలభై లక్షల్లోకి దిగడం! పది రోజులు ఇలా కొట్టుకున్నాను. ఆ సెప్టెంబరు 3నే రిజర్వు బ్యాంకు సర్క్యులర్ వచ్చింది, ఇల్లు కట్టిన మేరకే లోను విడుదల చేయాలి, కట్టని ఇళ్ళకి ముందే మొత్తం ఇవ్వొద్దని. అది చదివి ఆగిపోయాను. లక్ష పోయింది. ఇప్పటిదాకా రాలేదు.

మా అపార్టుమెంటులో ఉన్న ఒక తెలుగు కుటుంబం అలాంటి స్కీములోనే దిగింది. రెండేళ్ళు బిల్డరు కట్టాడు, తర్వాత ఆపేశాడు. ఆయన నెలకి 36 వేలు ఈఎంఐ కడుతూ, 22 వేలు అద్దె కడుతూ, ఎనిమిదేళ్ళు గడిపాడు. కట్టడం ఆపితే సిబిల్ పోతుంది, కడితే గోడలు లేని ఇంటికి కడుతున్నట్టు. వాళ్ళ అబ్బాయిని మెడిసిన్‌కి పంపాలనుకున్నారు, బీఎస్సీలో చేర్చారు. ఇవి ఎన్‌సీఆర్‌లో ఒకరిద్దరి కథలు కావు. ఆమ్రపాలి కేసు ఒక్కదాంట్లోనే 40 వేలకు పైగా కొనుగోలుదారులు. 2019 జులై 23న సుప్రీంకోర్టు ఆ సంస్థ రెరా రిజిస్ట్రేషన్ రద్దు చేసి, ఇళ్ళు పూర్తిచేసే పని ఎన్‌బీసీసీకి అప్పగించింది. డబ్బు ఎటు పోతోందో చూడలేదని బ్యాంకుల్ని కూడా తప్పుపట్టింది. మనం తలదించుకోవాల్సిన మాటే. 2025 ఏప్రిల్లో ఈ సబ్‌వెన్షన్ స్కీముల్లో బిల్డర్లకీ రుణసంస్థలకీ మధ్య సంబంధాల మీద సీబీఐ విచారణకి కూడా ఆదేశించింది.

ఇప్పుడు ద్వారకా ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయింది. మీ అందరికీ ఫోన్లు వస్తున్నాయని తెలుసు, నాకూ రోజుకి రెండు వస్తున్నాయి. హైదరాబాదులో "ప్రీ లాంచ్" అని బంధువులు కూడా పిలుస్తున్నారు. కొనొద్దని నేనను. రెరా చట్టం వచ్చాక కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ప్రీ లాంచ్ అంటే చాలాసార్లు ఆ రిజిస్ట్రేషనే లేకపోవడం. రెరా నంబరు అడగండి, వెబ్‌సైటులో మీరే చూడండి. మరదలి భర్త చూశాడన్నది లెక్క కాదు.

ష్యూరిటీ సంతకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బ్యాంకు ఉద్యోగి అనగానే బంధువులు, స్నేహితులు మొదట అడిగేది అదే. "నువ్వు డబ్బివ్వక్కర్లేదురా, ఊరికే సంతకం." 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు వాడి వెంటపడి, వాడు కట్టకపోతేనే నీ దగ్గరికి రావాలనే నియమం లేదు. అదేమిటంటే చాలామంది అమ్మలక్కలకి తెలియకుండానే ఇంట్లో మగవాళ్ళు ఈ సంతకం పెట్టేస్తారు. అడగండి, ఇప్పటిదాకా ఎన్ని పెట్టారో. ఇవాళ రాత్రి కొన్ని ఇళ్ళలో నన్ను తిట్టుకుంటారు, ఫరవాలేదు.

కుర్రవాళ్ళకి ఒక్క అంకె చెప్పి వదిలేస్తాను. షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. సగటున ఒక్కొక్కరికి సుమారు 2 లక్షలు. మిగిలిన 7 శాతంలో నేనుంటానని నూటికి నూరుమంది అనుకోవడమే ఆ వ్యాపారం.

ఒక పద్ధతి మాత్రం చెప్పి ముగిస్తాను, మా ఇంట్లో పనికొచ్చింది. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. దాన్ని ప్రీమార్టమ్ అన్నారు. పోస్ట్‌మార్టమ్ చనిపోయాక చేస్తారు, ఇది ముందే చేయడం. ఇది చెడిపోతుందా అని అడిగితే అందరూ ధైర్యం చెబుతారు. అలా అడగకూడదు. "రెండేళ్ళు గడిచాయి, ఇది పూర్తిగా చెడిపోయింది. ఎందుకు చెడిపోయిందో ఒక్కొక్కరూ కాగితం మీద రాయండి" అనాలి. అలా అడిగితే, కాదనడం ఇష్టంలేక ఊరుకునేవాళ్ళు కూడా రాస్తారు.

2022లో నాకు ప్రమోషన్ వచ్చింది, పోస్టింగ్ గువాహటి. కుటుంబాన్ని ద్వారకలోనే ఉంచాలా, తీసుకెళ్ళాలా, అసలు వద్దనాలా? ముగ్గురం కూర్చుని చీటీలు రాశాం. నేను రాసింది: రెండు కాపురాల ఖర్చు. మా ఆవిడ రాసింది: అత్తయ్యగారికి ఒంట్లో బాగోలేకపోతే తణుకు ఎవరు వెళ్తారు. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. చీటీలో ఇలా ఉంది: "నాన్న ప్రతి ఆదివారం ఫోన్ చేశాడు. మొదట మాట్లాడాను. తర్వాత నాకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఎత్తడం మానేశాను."

ఆ చీటీ నా పర్సులో చాలా రోజులుంది. ప్రమోషన్ తీసుకున్నాను, నిజమే చెబుతున్నాను. జీతం కావాలి, తణుకులో అమ్మ మందులున్నాయి. కానీ ఆ చీటీ వల్ల రెండు మారాయి. నెలకి ఒకసారి రావడానికి టికెట్లు ఏడాదికి సరిపడా ముందే లెక్కేసి పక్కన పెట్టాం. ఆదివారం ఫోన్ బదులు రోజూ రాత్రి తన లెక్కల హోంవర్కు వీడియోలో నేను చూడాలని ఒప్పందం. లెక్కలు తనకి బాగానే వచ్చాయి, నాకే కొన్ని రాలేదు. అయినా కొన్ని రోజులు ఎత్తలేదు. రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చాను.

ఈసారి ప్రమోషన్ ప్రాసెస్‌లో ఉన్నవాళ్ళు మీలో నలుగురైదుగురు ఉన్నారని తెలుసు. అక్కడ బయట బల్ల మీద ఖాళీ చీటీలు, పెన్నులు పెట్టించాను. పిల్లలకి కూడా ఇవ్వండి. పప్పు చల్లారిపోతోందని వంటవాళ్ళు సైగ చేస్తున్నారు.